ఎవరూ కొనని పాటకు లక్షల ధర

బ్యాంకు ఉద్యోగి శీర్షిక కనుక వడ్డీ రేట్ల గురించో, నామినేషను ఫారాల గురించో రాస్తానని మీలో కొందరు ఎదురు చూస్తూ ఉంటారు. ఈ మూడు నెలలకు వాటికి సెలవు ఇచ్చి పాటల గురించి రాస్తున్నాను. లెక్కలంటే ఇష్టమున్నవారు నిరాశ పడనక్కరలేదు, ఇందులోనూ కావలసినన్ని ఉన్నాయి.

మా తరం వారికి మైకుసెట్టు వాడు గుర్తుండే ఉంటాడు. పెళ్ళి పందిరి అయినా, శ్రీరామనవమి పందిరి అయినా కొబ్బరిచెట్టుకు హారను కట్టి, రేకు పెట్టెలోంచి ఒక్కొక్క ప్లేటూ తీసి, గుడ్డతో తుడిచి వేసేవాడు. ఊళ్ళో ఇద్దరు మైకుసెట్టు వాళ్ళుంటే ఎవరి పెట్టెలో ఏ ప్లేటుందో దాన్నిబట్టి బేరం కుదిరేది. అవతలివాడి దగ్గర లేని పాట తన దగ్గర ఉండటమే వాడి పెట్టుబడి. ఈ పోటీని పది మెట్లు పైకి తీసుకువెళ్ళి, ఒక మతంలాగా పాటించినవాళ్ళు ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో ఉన్నారు. వాళ్ళు వెతికింది బాగా అమ్ముడుపోయిన పాటలను కాదు. పుట్టిన దేశంలో ఎవరూ కొనక, గోడౌన్ల పాలయిన పాటలను. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, రాని బాకీ కింద కొట్టివేసిన ఖాతాలను.

కథ మొదలు అమెరికాలో, కార్ల ఫ్యాక్టరీల ఊరయిన డెట్రాయిట్‌లో. బెర్రీ గార్డీ అనే నల్లజాతి యువకుడు 1959లో ఇంటివాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పాటల కంపెనీ పెట్టాడు. అదే తరువాత మోటౌన్ పేరుతో లోకప్రసిద్ధమయింది. (800 డాలర్ల అప్పు మీద అంత రాబడి నా సర్వీసులో నేను చూడలేదు.) చర్చిపాటల్లోని ఆర్తినీ, అడుగు ఆడించే దరువునూ కలిపిన ఆ నల్లజాతి సంగీతాన్ని ‘సోల్’ అంటారు. మోటౌన్ లాభాలు చూసి డెట్రాయిట్‌లోనూ, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజలిస్ వంటి చోట్లా చిన్న చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. పాడగలిగినవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. స్టూడియో అద్దెకు దొరుకుతుంది. ఏడంగుళాల ప్లేటు, నిమిషానికి 45 చుట్లు, చెరొక వైపూ ఒక్కొక్క పాట. కొద్ది వందలో, వేలో ప్లేట్లు అచ్చు వేయించి, ముందుగా కొన్ని రేడియో స్టేషన్లకు ఉచితంగా పంపేవారు. రేడియో వాడు వేస్తే పాట బతికింది. వేయకపోతే అంతే సంగతులు. పాట బాగుందా లేదా అన్న ప్రశ్న అక్కడిదాకా రానే రాదు. రేడియో వాడి బల్ల మీద వారానికి ఎన్ని ప్లేట్లు పడితే అందులో ఎన్నింటికి గంటలు చాలుతాయి? అలా మంచి పాటలే ఎన్నో, పాడినవారి ఆశతో సహా, మూటలు కట్టి గోడౌన్లలో పడ్డాయి. అమ్ముడుపోని సరుకును లాట్ల కింద తెగనమ్మేవారు.

ఇక ఇంగ్లండు సంగతి. మాంచెస్టర్, విగన్, స్టోక్, బోల్టన్ – నూలు మిల్లులు, బొగ్గు గనులు, పింగాణీ బట్టీల ఊళ్ళు. వారమంతా మిల్లులోనో గనిలోనో ఒళ్ళు హూనం చేసుకున్న కుర్రకారుకు శనివారం రాత్రే పండగ. మాంచెస్టర్‌లో ‘ట్విస్టెడ్ వీల్’ అనే క్లబ్బు 1963లో తెరిచారు. శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం తెల్లవారేదాకా అక్కడ అమెరికా సోల్ పాటలకు నాట్యమాడేవారు. ఆడేవారిలో తెల్లజాతి శ్రామికుల పిల్లలే ఎక్కువ. పాడినవారిలో అత్యధికులు సముద్రానికి ఆవల ఉన్న నల్లజాతివారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

1960 దశకం చివరకు వచ్చేసరికి అమెరికాలో అభిరుచి మారింది. జేమ్స్ బ్రౌన్ బాటలో దరువు నిదానించి, బరువెక్కి ‘ఫంక్’ వచ్చింది. ఇంగ్లండు ఉత్తరాది కుర్రాళ్ళకు మాత్రం 1965, 66 నాటి ఆ పరుగులెత్తే దరువే కావాలి. లండన్‌లో డేవ్ గాడిన్ అనే పత్రికా రచయితకు ‘సోల్ సిటీ’ అనే రికార్డుల దుకాణం ఉండేది. ఫుట్‌బాల్ మ్యాచీలకని ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ దుకాణానికి వచ్చి, కొత్త సరుకు వైపు చూడకుండా పాత బాణీ పాటలే అడగటం ఆయన గమనించాడు. ఉత్తరాది వాళ్ళు వస్తే కొత్త ప్లేట్లు వినిపించి కాలయాపన చేయవద్దు, ‘నార్తర్న్ సోల్’ చూపించండి అని గుమాస్తాలకు చెప్పాడు. 1970లో ట్విస్టెడ్ వీల్‌ను స్వయంగా చూసి వచ్చాక తన పత్రికా శీర్షికలోనూ ఆ మాట వాడాడు. దుకాణంలో గుమాస్తాల సౌకర్యం కోసం పుట్టిన పేరు ఆ సంగీతానికి శాశ్వతంగా నిలిచిపోయింది.

పుట్టినచోట మరిచిపోయినదాన్ని పైచోట కాపాడుకోవటం మన పత్రిక పాఠకులకు కొత్త కాదు. తంజావూరు దగ్గర మెలట్టూరులో, చుట్టూ తమిళం ఉండగా, వేంకటరామశాస్త్రి గారి తెలుగు నాటకాలను భాగవతమేళా వారు నృసింహ జయంతికి ఆడటం మీలో చూసినవారుంటారు. ఉత్తర ఇంగ్లండు వాళ్ళకు ఇంకొక చిక్కు ఉంది. వాళ్ళకు కావలసిన పాటలు కొత్తగా పుట్టడం ఆగిపోయింది. 1966లో నిలిచిపోయిన బాణీకి 1972లో కొత్త పాట ఎక్కడినుంచి తేవాలి? తేవాలంటే ఒకటే దారి. అప్పట్లో తయారయి, ఎవరూ వినకుండా మిగిలిపోయినవాటిని వెతకాలి.

అక్కడినుంచి మొదలయింది వేట. క్లబ్బుల్లో ప్లేట్లు వేసే డీజేలూ, సరుకు తెచ్చి అమ్మే వ్యాపారులూ అమెరికా ప్రయాణమయ్యారు. మూతపడిన కంపెనీల గోడౌన్లు, పాత సామాన్ల దుకాణాలు, పంపిణీదారుల వెనక గదులు దుమ్ములో వెతికారు. బ్లాక్‌పూల్ కుర్రాడు ఇయన్ లెవైన్ కుటుంబంతో సెలవులకు ఫ్లోరిడా వెళ్ళేవాడు. తోటివాళ్ళు సముద్రస్నానం చేస్తుంటే ఇతడు పాత ప్లేట్ల గుట్టలు తిరగేసేవాడు. అలా వేలకొద్దీ ప్లేట్లు ఇంగ్లండు చేర్చి, బ్లాక్‌పూల్ మెక్కాలోని హైలాండ్ రూమ్‌లో వాటిని వేశాడు.

ఒక మూటలో ఏముందో కొనేవాడికే తెలియదు. వెయ్యి ప్లేట్లు వింటే తొమ్మిది వందల తొంభై పనికిరానివే. కంపెనీ పేరు, రాసినవారి పేరు, అచ్చయిన ఊరు చూసి, ఇందులో ఏదో ఉండవచ్చునని ఊహించటం ఒక విద్య. దొరికిన మంచి ప్లేటుతో మిగిలిన తొమ్మిది వందల తొంభై ఖర్చూ రాబట్టుకోవాలి. ఆ రాబడి రూకల్లోనే కాదు, పేరులో కూడా. ఫలానా పాట మొదట వేసినవాడు ఫలానా డీజే అన్న కీర్తి కోసం వాళ్ళు నిద్రాహారాలు మానేశారు. ఆ పాట ఒక్కడి దగ్గరే ఉన్నంతకాలం జనం ఆ రాత్రికి ఆ హాలుకే రావాలి. వంద మైళ్ళ నుంచి కూడా వచ్చేవారు.

కాబట్టి రహస్యం దాచటం అవసరమయింది. పోటీవాడు బల్ల దగ్గరకు వచ్చి తొంగిచూసి పేరు చదివితే, మర్నాడే అమెరికాకు ఉత్తరం రాసి ఇంకొక ప్రతి తెప్పిస్తాడు. అందుకని లేబులు మీద తెల్లకాగితం అంటించి, గాయకుడికి ఒక దొంగ పేరు, పాటకు ఇంకొక దొంగ పేరు పెట్టేవారు. దీనిని ‘కవర్ అప్’ అనేవారు. జనం నెలల తరబడి ఆ దొంగ పేరుతోనే పాటను ప్రేమించేవారు.

ఈ తెలివి వీళ్ళ ఒక్కరిదే కాదు. జమైకాలో 1950 దశకంలోనే సౌండు సిస్టం వాళ్ళు – మన మైకుసెట్టు వాళ్ళకు అన్నదమ్ములనుకోండి – అమెరికా ప్లేట్ల లేబుళ్ళు గీకేసేవారు. కాక్సన్ డాడ్ అనే ఆయన విల్లిస్ జాక్సన్ సాక్సోఫోను పాట ఒకదానికి ‘కాక్సన్ హాప్’ అని తన పేరే పెట్టుకున్నాడు. అది దేనిదో ప్రత్యర్థి డ్యూక్ రీడ్ చివరకు కనిపెట్టాడు. అదే జమైకాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగి, 1973లో హిప్ హాప్‌కు నాంది పలికిన కూల్ హెర్క్ కూడా ప్లేట్లను నీళ్ళలో నానబెట్టి లేబుళ్ళు ఊడదీసేవాడు. మూడు చోట్లా మనుషులు వేరు, సంగీతం వేరు, జాగ్రత్త మాత్రం ఒకటే.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. డీజే పడ్డ శ్రమ నేను కాదనను. గుట్టలోంచి రత్నాన్ని ఏరటానికి చెవి కావాలి, ఓపిక కావాలి, చేతి డబ్బు పెట్టే ధైర్యం కావాలి. అయినా పాడినవాడి పేరు తీసేసి ఇంకొక పేరు పెట్టటం అంటే ఖాతాదారు పేరు చెరిపేసి నిల్వను మాత్రం ఉంచుకోవటమే. పాపం, ఆ గాయకుడికి మిగిలిందే పేరు. డబ్బు ఎలాగూ రాలేదు. డీజే వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. పాట బాగా పాకిపోయాక కాగితం తీసేసేవారు, అసలు పేరు బయటపడేది, ఆ పేరు అప్పటికి వేలమంది నోట నానేది. కాగితం అంటించకపోతే ఆ పాట ఎన్నటికీ ఎవరికీ తెలిసేదే కాదు అని వాదించేవారున్నారు. వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ మధ్యకాలపు పద్దు ఎవరి ఖాతాలో వేయాలో నాకు ఇప్పటికీ తోచదు.

రెండు పాటల లెక్క చెబుతాను, మీరే తేల్చండి.

మొదటిది ‘టెయింటెడ్ లవ్’. ఎడ్ కాబ్ రాసిన పాటను గ్లోరియా జోన్స్ అనే అమ్మాయి పాడగా 1965లో ప్లేటు వచ్చింది. అదీ వెనక వైపు పాటగా. ముందు వైపు పాటే పోలేదు, వెనక వైపు ఎవరు తిప్పి చూస్తారు? ఎనిమిదేళ్ళ తరువాత, 1973లో, రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే అమెరికా వెళ్ళినప్పుడు ఒక ప్రతి కొన్నాడు. బోల్టన్‌లోని వావాస్ క్లబ్బులోనూ, తరువాత విగన్ క్యాసినోలోనూ వేశాడు. హాలు హాలంతా ఊగిపోయింది. ఆ ఉత్తరాది హవాలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు, మార్క్ ఆల్మండ్, డేవ్ బాల్, సాఫ్ట్ సెల్ అనే పేరుతో 1981లో అదే పాటను యంత్రవాద్యాలతో కొత్తగా పాడారు. బ్రిటన్‌లో మొదటి స్థానం. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 43 వారాలు నిలిచి అప్పటికి రికార్డు సృష్టించింది. ఇప్పుడు జమాఖర్చు చూడండి. పాట వేరేవారు పాడినప్పుడు రాయల్టీ రాసినవారికి వెళుతుంది, మొదట పాడినవారికి వెళ్ళదు. కనుక ఎడ్ కాబ్‌కు వచ్చింది, గ్లోరియా జోన్స్‌కు రాలేదు. సాఫ్ట్ సెల్ వారిది ఇంకొక విచిత్రం. ప్లేటు రెండో వైపు తమ సొంత పాట పెట్టుకుని ఉంటే ఆ అమ్మకాల మీద రచయితలుగా వాళ్ళకూ వాటా వచ్చేది. పెద్ద ప్లేటు మీద అక్కడ కూడా పరాయి పాటే పెట్టారు. రెండు వైపులా ఖర్చే రాసుకున్నారన్నమాట. కామర్సు చదివిన కుర్రాడొకడు పక్కన ఉంటే బాగుండేది! మరి మొదట వేసిన సెర్లింగ్‌కు? పేరు వచ్చింది, అంతే.

రెండోది ఫ్రాంక్ విల్సన్ కథ. 1965లో మోటౌన్ వారి అనుబంధ లేబులు మీద ఆయన ‘డు ఐ లవ్ యు’ అనే పాట పాడాడు. రేడియోల కోసం 250 నమూనా ప్రతులు అచ్చు వేశారని అంటారు. తరువాత ఆయన గాయకుడుగా కాక నిర్మాతగా ఉండిపోయాడు, పాట విడుదల కాలేదు, ప్రతులన్నీ నాశనం చేశారు. ఆయనకేమీ లోటు రాలేదు లెండి. సుప్రీమ్స్‌కు, ఫోర్ టాప్స్‌కు, ఎడ్డీ కెండ్రిక్స్‌కు పెద్ద పెద్ద విజయాలు తయారుచేశాడు. తను పాడిన ఆ ఒక్క ప్లేటు ఆయనే మరిచి ఉంటాడు. నాశనమయినవాటిలో ఒకటి ఎలాగో మిగిలింది. మోటౌన్ భాండారం నుంచి బయటపడి, 1970 దశకం చివర ఇంగ్లండు చేరింది. ఎడ్డీ ఫోస్టర్ అనే దొంగ పేరుతో విగన్‌లో మోగింది. అదే దొంగ పేరుతో దొంగ ప్రతులు కూడా అమ్మారు. అంటే బతికున్న మనిషి పాట, ఆయనకు తెలియకుండా, లేని మనిషి పేరున చలామణి అయింది. 1979లో మోటౌన్ వారి బ్రిటిష్ విభాగం అసలు పేరుతో విడుదల చేశాకగాని ఆ తప్పు సరికాలేదు.

అసలు ప్రతులు రెండు మూడుకు మించి లేవని ప్రతీతి. అందులో ఒకటి 2009 వేలంలో 25,742 పౌండ్లు పలికింది. అప్పటి మారకం ప్రకారం సుమారు 19 లక్షల రూపాయలు. ఒక డాలరు లోపు ధరకు అమ్మవలసిన ప్లేటు! అదే పాట ఎవరయినా ఉచితంగా వినవచ్చు కదా, 19 లక్షలు దేనికి అని అడగవచ్చు. భూమికీ, బంగారానికీ విలువ కట్టే పద్ధతులు మాకు శిక్షణలో నేర్పారు. దీనికి మాత్రం అవేవీ పనికిరావు. ఇక్కడ సరుకు ఎంత ఘోరంగా ఓడిపోయి ఉంటే ధర అంత ఎక్కువ. లక్ష అమ్ముడయిన ప్లేటుకు విలువే లేదు. ఫ్రాంక్ విల్సన్ 2012లో కన్నుమూశారు. ఇలాంటి చేతుమారుడు ధరల్లో పాడినవారికి పైసా ముట్టే ఏర్పాటు లేదు.

ఇంత చెప్పి, ఆ హాళ్ళ చీకటి వైపు చెప్పకపోతే తప్పవుతుంది. మద్యం అమ్మే అనుమతి లేని చోట్లు అవి. తెల్లవార్లూ ఆడటానికి ఓపిక కోసం చాలామంది ఉత్తేజక మాత్రలు మింగేవారు. పోలీసుల కన్ను పడింది. ట్విస్టెడ్ వీల్ 1971లోనూ, స్టోక్ దగ్గరి గోల్డెన్ టార్చ్ 1973లోనూ మూతపడ్డాయి. వాళ్ళలో వాళ్ళకు తగవులు కూడా వచ్చాయి. లెవైన్, అతని జతగాడు కోలిన్ కర్టిస్ 1970 దశకపు కొత్త బాణీలు కూడా వేయటం మొదలుపెట్టేసరికి, పాతవే కావాలనే వర్గం లెవైన్ వెళ్ళిపోవాలని బ్యానరు కట్టింది. మన సంఘాలలో ఎన్నికల వేళ జరిగేదానికి పెద్ద తేడా లేదు.

విగన్ క్యాసినో పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది గదా, అది జూదశాల కాదు, పాత నాట్యశాల. 1973 సెప్టెంబరులో రస్ విన్‌స్టన్లీ మొదలయిన డీజేలతో అక్కడ శనివారం రాత్రుల నాట్యం మొదలయింది. తెల్లవారుజామున రెండు గంటలకు తలుపులు తీస్తే ఆదివారం ఉదయం ఎనిమిదికి మూసేవారు. నేల మీద జారటానికి టాల్కం పౌడరు చల్లుకుని గిరగిరా తిరిగేవారు, వెనక్కి వాలి చేయి నేలకు ఆనించి లేచేవారు. జంటగా ఆడటం తక్కువ, ఎవరికి వారే ఆడేవారు.

ఆ హాళ్ళు గాయకులను కూడా వెతికి తెచ్చాయి. షికాగో గాయకుడు మేజర్ లాన్స్‌కు 1963లో మంచి రోజులు, తరువాత స్వదేశంలో వెలుగు తగ్గింది. 1972లో గోల్డెన్ టార్చ్‌లో ఆయన పాడితే జనం విరగబడ్డారు, ఆ రాత్రి పాటలతో పెద్ద ప్లేటే వచ్చింది. న్యూయార్క్‌కు చెందిన డీన్ ప్యారిష్ 1967లో పాడిన ఒక పాట వేలమందికి కంఠతా వచ్చిన సంగతి చాలా ఏళ్ళదాకా ఆయనకే తెలియదు. తెలిశాక వచ్చి, నడివయసు దాటిన ఆ అభిమానుల ముందు నిలబడి పాడాడు.

విగన్‌లో ప్రతి రాత్రీ చివర, ఎనిమిది కొట్టేముందు, వరసగా అవే మూడు పాటలు వేసేవారు. టోబీ లెజెండ్‌ది ఒకటి, డీన్ ప్యారిష్‌ది ఒకటి, జిమ్మీ రాడ్‌క్లిఫ్‌ది ఒకటి. రాడ్‌క్లిఫ్ న్యూయార్క్ గాయకుడు, తన పాట ప్లేటుగా వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఆయన 1973 జులైలో, నలభయ్యేళ్ళు కూడా నిండకుండా చనిపోయాడు. క్యాసినో తలుపులు తెరిచింది ఆ తరువాత రెండు నెలలకు. 1981 డిసెంబరు 6న చివరిసారి మూసేదాకా, ఎనిమిదేళ్ళపాటు, ఆయన గొంతు వింటూనే ఆ కుర్రాళ్ళు చెమట తుడుచుకుని, సంచులు భుజాన వేసుకుని ఇళ్ళకు బయలుదేరేవారు.